మిద్దె తోట కిట్: సంచులు పది, మట్టి నాలుగింటికే

‘పెట్టె విప్పండి, విత్తండి, కోసుకోండి’ అంటూ అమ్మే మిద్దె తోట కిట్ల పేర్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. 12×12 అంగుళాల గ్రో బ్యాగులు పది, 5 కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మె ఒకటి, 5 కిలోల వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), కిలో వేపపిండి, 100 మిల్లీలీటర్ల వేపనూనె, పది పన్నెండు రకాల విత్తనాల పొట్లాలు, ఒక చేతి పార, లీటరు స్ప్రేయరు. కాస్త ఖరీదైన పెట్టెలో డ్రిప్ సెట్టు, టైమరు కూడా ఉంటాయి. చూడటానికి నిండుగా ఉంటుంది. అసలు సంగతి సంచులు నింపడం మొదలుపెట్టాకే తెలుస్తుంది.

లెక్క చూడండి. 12 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల ఎత్తు ఉన్న సంచిని అంచు దాకా నింపితే 22 లీటర్లు పడుతుంది. నీళ్లు పోయడానికి పైన రెండంగుళాలు వదలాలి కాబట్టి 18 లీటర్లు అనుకుందాం. పది సంచులకు 180 లీటర్లు కావాలి. కిట్‌లోని 5 కిలోల కోకోపీట్ తడిపితే 60 నుంచి 75 లీటర్లవుతుంది. 5 కిలోల వర్మీకంపోస్టు మహా అయితే ఎనిమిది లీటర్లు. రెండూ కలిపినా 80 లీటర్లకు అటూ ఇటూ. అంటే నాలుగు సంచులు నిండి, ఐదోది సగంలో ఆగుతుంది. మిగతా ఐదూ మడత కూడా విప్పకుండా మూలన పడి ఉంటాయి.

అంతకంటే పెద్ద తంటా ఏమిటంటే, ఆ నిండిన నాలుగింటిలో కూడా ఉన్నది తొంభై శాతం కొబ్బరి పొట్టే. అది నీటిని పట్టి ఉంచుతుంది, వేళ్లకు గాలి ఆడనిస్తుంది, కానీ మొక్కకు పెట్టే తిండి దానిలో లేదు. మొలక బాగానే వస్తుంది, మొలకకు కావలసింది గింజలోనే ఉంటుంది కనుక. నాలుగైదు ఆకులు వేశాక ముందు కింది ఆకులు పసుపెక్కుతాయి, ఆ తర్వాత మొక్క పెరగడం మానేసి అలాగే నిలబడిపోతుంది. కొన్నవాళ్లేమో ‘నా చెయ్యి మంచిది కాదు’ అనుకుంటారు. చేతి తప్పేం లేదు, పిండి కొద్దీ రొట్టె.

ఇక సరుకు ఒక్కొక్కటీ. సంచుల దగ్గర ముందు చూడాల్సింది కొలత. 12 అంగుళాలు అని రాసింది సంచి గుండ్రంగా నిలబడ్డాక ఉండే వ్యాసమా, పరిచి పెట్టినప్పటి వెడల్పా? పరిస్తే 12 అంగుళాలుండే పాలిథిన్ సంచి మట్టి పోసి నిలబెడితే 7.6 అంగుళాల వ్యాసమే వస్తుంది. పట్టేది 22 లీటర్లు కాదు, తొమ్మిది. నర్సరీ సంచులను చాలాచోట్ల ఈ పరిచిన కొలతతోనే అమ్ముతారు, అందులో మోసమేమీ లేదు. అదే కొలత గ్రో బ్యాగు మీద వేస్తే మాత్రం కొనేవాడు మునిగినట్టే. సంచి చేతికి రాగానే బల్ల మీద పరిచి టేపు పెట్టండి. నిజంగా 12 అంగుళాల వ్యాసం ఉన్నదైతే పరిచినప్పటి వెడల్పు 19 అంగుళాలకు దగ్గరగా రావాలి.

తర్వాత జీఎస్ఎం, అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ అల్లిక సంచికి 220 ఉంటే పనికొస్తుంది, 240, 260 మేలు. అయితే ఆ అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు. ఎండకు తట్టుకునేలా యూవీ మందు కలపని సంచి ఎంత మందంగా ఉన్నా ఒక వేసవికే పెళుసుబారి పొరలు పొరలుగా రాలుతుంది. ఆ ప్లాస్టిక్ పీచంతా మట్టిలోనే కలుస్తుంది, తర్వాత ఏరడం ఎవరి తరమూ కాదు. బట్ట కంటే ముందే పోయేది కుట్టు. సంచిని తిరగేసి అడుగు చూడండి: ఒకే వరస కుట్టు, అదీ సన్నటి దారంతో ఉంటే నిండు సంచిని జరిపిన రోజే అడుగు ఊడుతుంది. రెండు వరసలుండాలి, అంచు మడిచి కుట్టి ఉండాలి. పిడుల సంగతీ అంతే. పైఅంచుకు మాత్రమే కుట్టిన పిడి అలంకారానికే. పట్టీ అడుగు దాకా సాగి ఉంటేనే బరువు మోస్తుంది.

నీళ్లు దిగే కన్నాలు కొన్ని సంచులకు అడుగున కాకుండా పక్కన, అంగుళం పైన రింగులు బిగించి ఉంటాయి. నేలకు ఆనినా మూసుకుపోవు, ఆ మేరకు మంచిదే. కానీ ఆ కింది అంగుళంలో నీళ్లు నిలిచి వేళ్లు మురుగుతాయి. అడుగున కూడా పెన్సిల్ లావు కన్నాలు నాలుగు పెట్టుకోండి. కత్తెరతో పొడిస్తే అల్లిక పోగులు ఊడొస్తాయి, కాల్చిన చువ్వతో పెడితే అంచు కరిగి అతుక్కుంటుంది. సంచి కింద ఇటుకలో చెక్క పట్టీలో పెడితే గాలి ఆడుతుంది, శ్లాబు తడిసి నాచు పట్టదు. కిట్‌తో వచ్చే చిట్టి పుస్తకం అడుగున గులకరాళ్లు పరచమంటుంది. వద్దు. సన్నటి మట్టిలోని నీళ్లు కింద పెద్ద సందులున్న రాళ్లలోకి అంత తేలిగ్గా దిగవు. మట్టి పూర్తిగా తడిసి బరువెక్కాకే దిగుతాయి. దాంతో బురద పొర రాళ్ల మీదకు ఎక్కి కూర్చుంటుంది, వేళ్లకు దక్కాల్సిన రెండంగుళాలు దండగ. కన్నాల మీద కొబ్బరి పీచు రెండు పోగులు వేస్తే చాలు.

కోకోపీట్ దిమ్మె పరిమాణం మాత్రం పది సంచులకు సరిగ్గా సరిపోతుంది, ఎలాగో కింద చూద్దాం. అందులో కంటికి కనబడని లోపం ఉప్పు. సరిగా కడగని పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు మిగిలి ఉంటాయి, నారు ఆకుల అంచులు మాడిపోతాయి. ప్యాకెట్ మీద ‘లో ఈసీ’ అని ఉంటే ఈసీ, అంటే లవణాల పాలు చెప్పే అంకె, 0.5 లోపు ఉండాలి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్ను చేతిలో ఉంటే పరీక్ష రెండు నిమిషాల పని. పోయబోయే నీటి అంకె ముందు రాసుకోండి. దిమ్మెకు 20 నుంచి 25 లీటర్ల నీళ్లు పోసి, విచ్చుకున్నాక పిడికెడు తీసి పిండి, ఆ నీళ్లలో పెన్ను ముంచండి. తేడా 250 లోపైతే నిశ్చింతగా వాడుకోవచ్చు. 500 దాటితే గోనెసంచిలో పోసి పైనుంచి నీళ్లు వదిలి, కిందికి కారే నీళ్ల రంగు తేలికయ్యేదాకా కడగాలి. ఇంకో గుణం కూడా ఉంది: కోకోపీట్ కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని ఆ మేరకు పొటాషియం, సోడియం వదులుతుంది. అందుకే ఉత్త కోకోపీట్‌లో పెంచిన టమాటాకు కాల్షియం కొరత తొందరగా కనిపిస్తుంది. మట్టి, ఎరువు సమపాళ్లలో కలిపేవాళ్లకు ఈ బెడద పెద్దగా ఉండదు.

వర్మీకంపోస్టు మీద కిట్ చూపే పిసినారితనం అంతా ఇంతా కాదు. పది సంచులకు 60 లీటర్ల ఎరువు కావాలి, తూకంలో 35 కిలోలకు అటూ ఇటూ. ఇచ్చింది అందులో ఏడో వంతు. నాణ్యత చూసే తీరు ఇది: టీ పొడిలా గుళికలుగా ఉండి, తొలకరికి తడిసిన నేల వాసన రావాలి. పిడికిట బిగిస్తే ముద్దకట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. నీళ్లు కారితే నీళ్లకు డబ్బిచ్చినట్టే. ముక్కు పుటాలు అదిరేలా అమ్మోనియా ఘాటు వస్తే ఇంకా మగ్గలేదు, అది వేళ్లను కాలుస్తుంది. గాజు గ్లాసు నీళ్లలో రెండు చెంచాలు వేసి కలిపి పది నిమిషాలు వదిలేస్తే కలిపిన ఇసుక గ్లాసు అడుగున తెల్లగా, విడిగా పేరుకుంటుంది. వేలు మందాన ఇసుక పేరితే ఆ అమ్మకందారు దగ్గరికి మళ్లీ వెళ్లక్కర్లేదు.

కొరతపడ్డ ఎరువును చిన్న పొట్లాల్లో కొనడం దండగ. కూరగాయలు కొనే పొలం ఏదైనా దగ్గర్లో ఉంటే బాగా చివికిన పశువుల ఎరువు గోనెల్లో తెచ్చుకోండి. చివికిందీ లేనిదీ చెయ్యి పెడితే తెలుస్తుంది: లోపల వెచ్చదనం ఉండకూడదు, పేడ ఆనవాలు కనబడకూడదు. పచ్చి ఎరువు వేస్తే సంచి లోపల వేడి పుడుతుంది, కలుపు గింజలు మొలుస్తాయి, పచ్చిగా తినే ఆకులకు రోగక్రిములు అంటుకునే ప్రమాదమూ ఉంది.

కలపడం ఇలా. జల్లెడ పట్టిన తోట మట్టి ఒక పాలు, తడిపిన కోకోపీట్ ఒక పాలు, ఎరువు ఒక పాలు, అన్నీ ఒకే బకెట్‌తో కొలిచినవి, బరువుతో కాదు. పది సంచులకు ఒక్కోటి 60 లీటర్లు, కిట్‌లోని ఒక్క దిమ్మె ఇక్కడ సరిపోతుంది. మట్టి బంకగా ఉంటే అందులో నాలుగో వంతు తీసేసి ముతక ఇసుక వేయండి. సంచికి 100 గ్రాముల చొప్పున వేపపిండి కలపండి, కిట్‌లోని కిలో సరిగ్గా అయిపోతుంది. ఈ ఒక్క సరుకూ లెక్క చూసి పెట్టినట్టుంది. కలిపిన కుప్పను చెమ్మగా ఉంచి, గోనెపట్టా కప్పి పది రోజులు వదిలేసి, ఆ తర్వాత సంచుల్లోకి ఎత్తండి. నింపేటప్పుడు చేత్తో అదమొద్దు. నీళ్లు పోస్తే అదే ఒకటి రెండు అంగుళాలు దిగుతుంది, అప్పుడు మళ్లీ పైన వేయాలి. అందుకని 60 లీటర్లతో ఆగకుండా ఒక బకెట్ మిశ్రమం అదనంగా ఉంచుకోండి.

తడిసిన ఈ మిశ్రమం లీటరు కిలోకు పైనే తూగుతుంది. 12 అంగుళాల సంచి 20 కిలోలు, పది కలిపితే రెండు క్వింటాళ్లు. 18×18 సంచి ఒక్కటే 70, 80 కిలోల దాకా వెళ్తుంది. శ్లాబు నడిమధ్య గుమిగూర్చకుండా దూలాల మీదుగా, గోడల వెంట వరుసగా పెట్టాలి. నింపాక జరపలేరు కనుక ఎండ ఎక్కడ పడుతుందో ముందే చూసుకోండి. కాయ కాసే వాటికి రోజుకు ఆరు గంటల నేరుటెండ కావాలి, ఆకుకూరలు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటాయి.

ఇప్పుడు విత్తనాలు. ఇక్కడ కిట్ తనకు తానే అడ్డం తిరుగుతుంది. ఇచ్చిన సంచి 18 లీటర్లది, ఇచ్చిన విత్తనాల్లో సగం సొర, బీర, కాకర, గుమ్మడి. తీగ పందిరికెక్కాక దాని ఆకులన్నీ తాగే నీళ్లు ఆ చిన్న సంచిలో మధ్యాహ్నం దాకా కూడా నిలవవు. రోజూ రెండింటికల్లా తల వాలుస్తుంది, పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. తీగలకు 18×18కు తగ్గకూడదు. 12 అంగుళాల సంచిలో ఒక మిరప, లేదా ఒక వంగ, లేదా పొట్టి రకం టమాటా ఒకటి, బెండ అయితే రెండు. కక్కుర్తిపడి మూడు టమాటాలు నాటితే మూడు కలిపి ఒకదానంత కూడా కాయవు. తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీరలకు లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. ఎనిమిది అంగుళాల లోతున్న వెడల్పాటి ట్రే ఒక్కటి మూడు సంచుల పెట్టు. కిట్‌లో అలాంటిది ఒక్కటీ ఉండదు. ముల్లంగి, క్యారెట్ మాత్రం ఈ సంచికి సరిగ్గా సరిపోతాయి. వాటిని నారు పోసి నాటకూడదు, పీకి నాటితే దుంప చీలుతుంది.

పొట్లం మీద చూడాల్సినవి పరీక్ష తేదీ, మొలక శాతం. తేదీ లేని పొట్లాన్ని నమ్మొద్దు. టమాటా, వంగ గింజలు పొడిగా, చల్లగా ఉంచితే నాలుగేళ్లయినా మొలుస్తాయి. ఉల్లి గింజ ఏడాది దాటితే బలం తగ్గిపోతుంది. అనుమానముంటే పది గింజలు తడి కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టండి. ఆరింటికి తక్కువ మొలిస్తే ఒత్తుగా చల్లాలి, మూడు మొలిస్తే పారేయాలి. ఎఫ్1 (రెండు రకాలను కలిపి పుట్టించిన సంకరం) అని ఉన్న రకం నుంచి గింజ దాచుకుంటే తర్వాతి పంట తల్లి పోలికతో రాదు. గులాబీ రంగు పూసిన గింజలకు శిలీంధ్ర మందు పట్టించి ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వొద్దు. బెండను రాత్రంతా నానబెట్టండి. కొత్తిమీరకు ధనియం నలిపి రెండు బద్దలు చేయాలి. గింజను దాని లావుకు రెండు మూడు రెట్ల లోతులో పెడితే చాలు. కిట్లలో మొలక రాలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం గింజ కాదు, అంగుళంన్నర లోతున పాతిపెట్టడం. మొలిచాక కాడ నేల దగ్గర సన్నబడి నారు కూలిపోతే అది నారుకుళ్లు, చాలాసార్లు నీళ్లు ఎక్కువైనందుకే.

వేపనూనె సీసా మీద పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అంకె చూడండి, అది పురుగుల మీద పనిచేసే వేప పదార్థం అజాడిరక్టిన్ మోతాదు. 1500 పీపీఎం అయితే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు. 10000 పీపీఎం అయితే 1 నుంచి 2 చాలు, చిట్టి పుస్తకంలో అన్నింటికీ ఒకే మోతాదు రాసి ఉంటుంది, దాని ప్రకారం పోతే ఆకు మాడుతుంది. నూనె నీళ్లలో కలవదు. ముందు చెంచా నూనెలో నాలుగు చుక్కల సబ్బు ద్రవం వేసి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, ఆ తర్వాత నీళ్లు పోయాలి. సాయంత్రం పూట, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి, పేనుబంక, తెల్లదోమ ఉండేది అక్కడే. కిట్‌లోని లీటరు స్ప్రేయరు ముక్కు నేరుగానే కొడుతుంది, ఆకు అడుగుకు రావాలంటే మణికట్టు వంకర తిప్పాలి. పది సంచులయ్యేసరికి చెయ్యి లాగేస్తుంది. పంపు గాలి కొట్టి పెట్టుకునే రెండు లీటర్ల రకం మేలు. కలిపిన మందు ఆ పూటే వాడేయాలి. పిండినల్లి ముదిరితే నూనె ఆనదు. ముందు నీటి ధారతో కడిగి, అప్పుడు కొట్టాలి.

డ్రిప్ సెట్టు ఉన్న కిట్ కొనేవాళ్లు ఒక్క మాట అడగాలి: టైమరు లోపల ఉన్నది సోలినాయిడ్ వాల్వా (కరెంటు అయస్కాంతంతో తెరుచుకునేది), బాల్ వాల్వా (మోటారు బంతిని తిప్పితే తెరుచుకునేది)? మీటరు ఎత్తున్న నీటికి వచ్చే ఒత్తిడి 0.1 బారే. మిద్దె మీద ట్యాంకు నుంచి అదే మిద్దె మీదున్న సంచులకు పెడితే అంతకంటే పెద్దగా రాదు. సోలినాయిడ్ రకాలు చాలావరకు అంత తక్కువ ఒత్తిడికి తెరుచుకోవు, లేదా సరిగా మూసుకోవు. బాల్ వాల్వుకు ఒత్తిడితో పని లేదు. ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లకూ, అంటే ఒత్తిడి మారినా ఒకే తీరున నీళ్లు వదిలేవాటికీ, ఇదే ఇబ్బంది. ట్యాంకు పక్కనే ఉంటే తిప్పి సరిచేసుకునే మామూలు డ్రిప్పర్లే పెట్టుకోండి. ట్యాంకు దగ్గర జాలి ఫిల్టరు లేకపోతే నెలలోపు సగం మూసుకుపోతాయి. మొక్క తేరగా పెరుగుతోంది కదా అని వారం రోజులు చూడకుండా ఉంటే మూసుకున్నది తెలిసేది మొక్క ఎండాకే.

నీటి తేడా వల్ల వచ్చే జబ్బు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. టమాటా కాయ అడుగున నల్లగా, తోలులా గుంటపడితే అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచితే మట్టిలో కాల్షియం ఉన్నా కాయకు చేరదు. గుడ్డు పెంకులు పొడి చేసి వేసినా ఆ కాయ బాగుపడదు. రోజూ ఒకే సమయానికి, కిందినుంచి నాలుగు చుక్కలు కారేదాకా నీళ్లు పోసి, పైన ఎండుటాకులు కప్పండి, తర్వాతి గెలలు శుభ్రంగా వస్తాయి.

‘ఇంటిల్లిపాదికీ సరిపడా కూరగాయలు’ అన్న పెట్టె మీది మాటను తీసేయాల్సిందే. పది సంచుల నేల కలిపితే 0.73 చదరపు మీటర్లు, ఒక మంచం పట్టే చోటులో సగం కూడా కాదు. ఆ చోటును కోసిన గంటలో వాడిపోయే ఆకుకూరలకు, కొత్తిమీరకు, పుదీనాకు, వాటితోపాటు మిరపకు, నాలుగు టమాటాలకు ఇవ్వండి. ఉల్లి, బంగాళదుంప, క్యాబేజీ, గుమ్మడి నేలనూ నెలలనూ మింగుతాయి, నిలవ కూడా ఉంటాయి. వాటిని పొలం నుంచి కొనుక్కోవడమే తెలివి. వారం వారం బుట్ట పంపే పొలంలో చేరేముందు అడగాల్సినవి: కోత ఎప్పుడు, బుట్ట ఎప్పుడు చేరుతుంది, ఊళ్లో లేని వారం ఆపుకోవచ్చా, ఏమేం వస్తాయో ముందురోజైనా చెబుతారా. ‘మందులు వాడం’ అన్నవాళ్లను పురుగొస్తే ఏం చేస్తారో అడగండి. నిజంగా పండించేవాడు పంట పేరు, పురుగు పేరు, తాను చేసే పని చెబుతాడు. మందు కొడతానని ఒప్పుకునేవాళ్లనైతే కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగుతారో అడగండి. బుట్టలో ఒకే కూర మూడు వారాలు వరసగా వస్తే చిరాకుపడొద్దు, సీజన్ అంటే అదే. ప్రతి వారం అన్ని రకాలూ తళతళలాడుతూ వస్తే అవి ఆ పొలానివేనా అని చూసుకోవాలి.

కిట్ ఇంకా కొనకపోతే విడివిడిగా కొనండి: 15×15 సంచులు నాలుగు, ట్రేలు రెండు, దిమ్మె ఒకటి, ఎరువు రెండు గోనెలు, కావాలనుకున్న నాలుగు రకాల విత్తనాలే. ఇప్పటికే కొన్నవాళ్లు పది సంచులూ పరచకుండా ఐదు నింపి మొదలుపెట్టండి. పంట అయిపోయాక మట్టి పారేయొద్దు. వేళ్లు ఏరి, పట్టా మీద పలుచగా పరిచి వారం ఎండబెట్టి, నాలుగో వంతు కొత్త ఎరువు, సంచికి 100 గ్రాముల వేపపిండి కలపండి. టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబం, అవి పెరిగిన సంచిలో ఈసారి బెండో ఆకుకూరో వేయాలి. ఖాళీ అయినప్పుడే సంచిని తిరగేసి అడుగు కుట్టు లాగి చూడండి. ఒక పోగు తెగినా మళ్లీ నింపకముందే నైలాన్ దారంతో కుట్టేయండి.